పాత ఇంటికి వైర్డ్ ఆటోమేషన్: గోడలు తెరిచి ఉన్నప్పుడే చేయించుకున్న పని

గుంటూరులో మా నాన్నగారు 1996లో కట్టించిన ఇల్లు మాది. అప్పట్లో ఏసీల సంగతే లేదు, హాల్లో ఒక్క ప్లగ్ పాయింటు ఉంటే చాలనుకున్న రోజులు. ఇప్పుడు ఎక్స్‌టెన్షన్ బాక్సు లేని గది లేదు. వానాకాలం వస్తే మెట్ల దగ్గర స్విచ్చి బోర్డు ముట్టుకుంటే సన్నగా షాకు కొట్టేది. బాత్రూములు, వంటిల్లు ఎలాగూ పగలగొట్టి మళ్లీ చేయించాల్సి వచ్చింది. అంత పని పెట్టుకుని వైరింగ్ మాత్రం పాతదే ఉంచడం నాకు సబబుగా అనిపించలేదు. మొత్తం తీసేయించి, ఆ చేత్తోనే వైర్డ్ ఆటోమేషన్ కూడా వేయించాం, అంటే వైఫైతో కాకుండా గోడలోని తీగ మీద పంపే సందేశాలతో లైట్లు, ఫ్యాన్లు నడిచే ఏర్పాటు. ఇలాంటి పని పెట్టుకోబోయేవాళ్లకు ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వైఫై స్విచ్చులు ఎందుకు వద్దనుకున్నానో ముందు చెప్పాలి. హైదరాబాద్‌లో మేం అద్దెకున్న ఫ్లాట్‌లో స్విచ్చి బోర్డుల వెనక చిన్న వైఫై మాడ్యూళ్లు పెట్టించాను. బాగున్నన్నాళ్లు బాగానే ఉన్నాయి. రాత్రి రెండింటికి కరెంటు పోయి వస్తే బెడ్రూం లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగేవి. రౌటర్ మారిస్తే ప్రతి మాడ్యూల్‌నీ మళ్లీ జత చేయాలి. ఆ కంపెనీ సర్వర్ పనిచేయని రోజున ఫోన్లో యాప్ తెరుచుకునేది కాదు. నా ఒక్కడికైతే సర్దుకుపోయేవాణ్ణి. గుంటూరు ఇంట్లో ఉండేది అమ్మ. డెబ్బై దాటింది, మోకాళ్ల నొప్పులు, రాత్రి రెండు మూడుసార్లు లేస్తుంది. ఆమె ఇంట్లో లైటు వెలగడానికి ఇంటర్నెట్ మీద ఆధారపడే పరిస్థితి ఉండకూడదని ముందే తేల్చుకున్నాను.

అలా వెతుకుతూ కెఎన్ఎక్స్ దగ్గర ఆగాను. ఇది ఒక కంపెనీ సరుకు కాదు, ఇంట్లోని పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి కంపెనీలు పాటించే ఒక ప్రమాణం. యూరప్‌లో అంతకుముందు నుంచి ఉన్న మూడు వ్యవస్థలు 1999లో కలిసి ఇది ఏర్పడింది. తర్వాత అంతర్జాతీయ ప్రమాణంగా కూడా గుర్తింపు వచ్చింది. వందలాది కంపెనీలు దీనికి పరికరాలు చేస్తాయి. ఒక కంపెనీ స్విచ్చి ఇంకో కంపెనీ రిలేతో (సందేశం అందితే కరెంటును కలిపే, తెంపే పరికరంతో) మాట్లాడుతుంది. ఇంకో పదేళ్ల తర్వాత ఒక కంపెనీ మూతపడ్డా, దాని పరికరం బదులు మరో కంపెనీది పెట్టుకోవచ్చు. పాత ఇల్లు బాగుచేయించేటప్పుడు నాకు ఇదే పెద్ద ధైర్యం.

పనిచేసే తీరు సులువుగానే అర్థమవుతుంది. ఇల్లంతా ఒక సన్నటి ఆకుపచ్చ కేబుల్ తిరుగుతుంది. అందులో 0.8 మిల్లీమీటర్ల తీగలు నాలుగుంటాయి. ఎరుపు, నలుపు వాడతాం. పసుపు, తెలుపు అవసరానికి ఉంచుతాం. దానిలో పారేది సుమారు 30 వోల్టుల డీసీ. స్విచ్చి నొక్కితే అది నేరుగా లైటును వెలిగించదు, "ఫలానా అడ్రసు వెలగాలి" అని కేబుల్ మీద ఒక చిన్న సందేశం పంపుతుంది. డిబిలో (ఇంటి కరెంటంతా పంచే పెట్టెలో) ఉన్న రిలే ఆ సందేశం విని తన లైటును వెలిగిస్తుంది. మధ్యలో పెత్తనం చేసే కంప్యూటర్ ఏదీ ఉండదు. ఎవరి పని వాళ్ల మెమరీలోనే ఉంటుంది. వేగం సెకనుకు 9600 బిట్లే. స్విచ్చులకూ లైట్లకూ అంతకన్నా అక్కర్లేదు.

అసలు పని వైరింగ్‌లో ఉంది. మన ఇళ్లలో డిబి నుంచి ఫేజు గదిలోని బోర్డుకు వస్తుంది, అక్కడి స్విచ్చి నుంచి లైటుకు వెళ్తుంది. ఈ పద్ధతిలో అలా కాదు. ప్రతి లైటూ, ప్రతి ఫ్యానూ, ప్రతి కర్టెన్ మోటారూ తన తీగను తాను నేరుగా డిబి దాకా తెచ్చుకోవాలి. స్విచ్చి ఉన్నచోట 230 వోల్టులు అసలు ఉండవు, ఆకుపచ్చ కేబుల్ మాత్రమే ఉంటుంది.

ఇది మా ఎలక్ట్రీషియన్‌కు నచ్చజెప్పడానికి సమయం పట్టింది. ఆయన 1996లో ఈ ఇంటికి వైరింగ్ చేసిన మనిషే. నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. "బాబూ, స్విచ్చి ఇక్కడ, లైటు ఇక్కడ. మధ్యలో వైరు మెట్ల కిందికి పోయి రావడం ఎందుకు? రాగి రేటు తెలుసా నీకు?" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. మామూలు వైరింగ్‌కు పట్టే వైరుకు రెట్టింపు పైనే పట్టింది మాకు. డిబిలో తీగల కట్ట చూస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. కానీ అందులోని సుఖం తర్వాత తర్వాత తెలిసింది: ఏ స్విచ్చి ఏ లైటును వెలిగించాలన్నది ఇక గోడలో పాతుకుపోయి ఉండదు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఆయన్నే పెట్టుకోవడం వల్ల ఇంకో మేలు జరిగింది. శ్లాబులో పైపులు ఎటు నుంచి ఎటు పోయాయో, ఎక్కడ వంపు తిరిగాయో ఆయనకు గుర్తుంది. సీలింగ్ ఫ్యాన్ హుక్కుల దగ్గరి పాత పైపులు కొన్ని అలాగే వాడుకున్నాం. చాలావాటిలో పాత వైరు తీసేశాక కొత్తది లాగడానికి వీల్లేకుండా సిమెంటు పాలు గడ్డకట్టి ఉన్నాయి. అక్కడ శ్లాబు జోలికి వెళ్లలేదు. నడవాలో మాత్రం ఫాల్స్ సీలింగ్ వేయించి, గదులకు వెళ్లే తీగలన్నీ దాని పైనుంచి నడిపించాం. హాల్లో సీలింగ్ దించడానికి అమ్మ ఒప్పుకోలేదు. నాకూ హాలు ఎత్తుగా ఉండడమే ఇష్టం.

గాడులు కొట్టించేటప్పుడు ఎవరో ఒకరు దగ్గర నిలబడాలి. పాత ఇళ్లలో లోపలి గోడలు చాలావరకు నాలుగున్నర అంగుళాలవి. వాటిమీద అడ్డంగా పొడవైన గాడి కొడితే గోడ బలం పోతుంది. నిలువుగా పైకి వెళ్లి, పైన సీలింగ్‌లోంచి పక్కకు పోవాలి. ఒక గోడకు రెండు వైపులా ఒకేచోట బాక్సులు పెట్టకూడదు. కట్టింగ్ మెషిన్‌తో రెండు గీతలు కోసి మధ్యలోది చిన్న ఉలితో తీయిస్తే పక్క ప్లాస్టరింగ్ ఊడదు. నేరుగా సుత్తితో మొదలుపెడితే చేటంత పెచ్చు లేస్తుంది. పైపులు బిగించాక గాడి మీద చికెన్ మెష్ (సన్నటి తీగల వల) కొట్టి పూడిస్తేనే లప్పం పెట్టిన తర్వాత పగుళ్లు రావు.

పూడ్చే ముందు ప్రతి గోడకూ టేపు ఆనించి పెట్టి ఫోటో తీశాను, కింద నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం అన్నది కనబడేలా. ఆ ఫోటోలను గది పేరుతో ఫోల్డర్లు చేసి ఉంచాను. పూజ గదిలో అల్మరా బిగించేటప్పుడు కార్పెంటర్ డ్రిల్లింగ్‌కు సిద్ధమైతే ఫోన్లో ఆ ఫోటో చూపించాను. మేకు పడబోయేది సరిగ్గా పైపు మీదే. నా మటుకు ఈ మొత్తం పనిలో పైసా ఖర్చు లేకుండా వచ్చిన అత్యంత విలువైన వస్తువు ఆ ఫోటోలే.

బాక్సుల దగ్గర ఒక చిక్కు ఉంది. మన దగ్గర మాడ్యులర్ బాక్సులు నాలుగు మూలలతో రెండు, మూడు, నాలుగు, ఆరు మాడ్యూళ్ల లెక్కన దొరుకుతాయి. కెఎన్ఎక్స్ స్విచ్చులు ఎక్కువ భాగం యూరప్ పద్ధతి గుండ్రటి బాక్సుకు సరిపోయేలా వస్తాయి. గోడ కోయకముందే ఏ స్విచ్చి కొంటున్నామో తేల్చుకోకపోతే లప్పం, పెయింటింగ్ అయ్యాక మళ్లీ గోడ కోయాల్సి వస్తుంది. మేం స్విచ్చుల మోడల్ ముందే ఖరారు చేసుకుని గుండ్రటి బాక్సులు తెప్పించాం. ప్లగ్ పాయింట్లకు మాత్రం మన మామూలు బాక్సులే.

ఇక డిబి. మెట్ల కింద పెట్టించాం. మొదట మేడమీద మెట్ల గదిలో పెడదామన్నారు, చోటు ఎక్కువ ఉందని. నేను ఒప్పుకోలేదు. ఈ పరికరాలు చాలావాటి కాగితాల్లో పరిసర ఉష్ణోగ్రత 45 డిగ్రీల వరకే అని ఉంటుంది. మే నెలలో గుంటూరు ఎండ సంగతి మనకు తెలుసు. మేడమీద రేకు తలుపున్న ఆ గది, దాంట్లో మూసిన ఇనుప పెట్టె, ఆ పెట్టెలో వేడెక్కే రిలేలు, పవర్ సప్లై. పరికరం ఎంత ఖరీదైనదైనా అక్కడ నిలవదు. మెట్ల కింద నీడ, ఉత్తరపు గోడ, గాలి ఆడే జాలీ తలుపు. వరుసల మధ్య ఖాళీ వదిలించి, మొత్తం పెట్టెలో నాలుగో వంతు చోటు భవిష్యత్తుకు ఉంచాం.

రిలేల విషయంలో ఒక జాగ్రత్త. 16 ఆంపియర్లు అని రాసి ఉంది కదా, ఎల్ఈడీ లైట్లకు అదెంత అనుకోవద్దు. ఎల్ఈడీ డ్రైవర్లు వేసిన క్షణంలో తమ మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతాయి. ఆ దెబ్బకు మామూలు రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి, లైటు ఇక ఆరదు. కెపాసిటివ్ లోడు (ఇలా వేసిన క్షణంలో ఎక్కువ కరెంటు లాగే లోడు) తట్టుకునేవని, 140 లేదా 200 మైక్రోఫారడ్‌ల వరకు అని కాగితంలో ఉన్నవే తీసుకోవాలి. గీజర్లను నేరుగా రిలే మీద నడపకుండా మధ్యలో కాంటాక్టర్ (పెద్ద లోడు తట్టుకునే స్విచ్చి లాంటిది) పెట్టించాం.

ఫ్యాన్ల దగ్గర చాలా ఆలోచించాను. యూరప్ వ్యవస్థలు మన సీలింగ్ ఫ్యాన్‌ను దృష్టిలో పెట్టుకుని తయారైనవి కావు. లైటు డిమ్మర్‌తో ఫ్యాన్ నడిపితే గుయ్యిమని మోత వస్తుంది, మోటారు వేడెక్కుతుంది. మన స్టెప్ రెగ్యులేటర్లలో ఉండేవి కెపాసిటర్లు. రెండు కెపాసిటర్లు, మూడు రిలేలతో డిబిలోనే నాలుగు స్పీడ్లు తయారు చేయొచ్చు. అయితే నిండి ఉన్న కెపాసిటర్ మీద ఇంకో రిలే మూసుకుంటే నిప్పురవ్వ పుట్టి కాంటాక్టు కాలుతుంది. స్పీడు మార్చే ప్రతిసారీ మధ్యలో కాస్త విరామం, తీగలో చిన్న రెసిస్టర్లు ఉండాలి. చేసినవాళ్లు ఉన్నారు. నేను అంతదూరం వెళ్లలేదు. పై గదుల్లో బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటు తీసుకునే కొత్తరకం మోటారువి) పెట్టించాం. మామూలు ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకునే చోట ఇవి 30 వాట్ల దరిదాపుల్లో సరిపెడతాయి. ఆన్, ఆఫ్ కెఎన్ఎక్స్ రిలే చూసుకుంటుంది, స్పీడు ఫ్యాను రిమోట్ చూసుకుంటుంది, కరెంటు మళ్లీ వచ్చినప్పుడు ముందున్న స్పీడులోనే తిరుగుతుంది. అమ్మ గదిలోనూ హాల్లోనూ మామూలు ఫ్యాన్లే, గోడమీద తిప్పే రెగ్యులేటర్లే. మంచం మీద నుంచి చెయ్యి చాపి చీకట్లో తిప్పగలిగే ఆ సౌకర్యం తీసేయడానికి నాకు కారణం కనబడలేదు.

పని సగంలో ఉండగా ఇంకో ముచ్చట. కింది అంతస్తుకు కొత్త డిబి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంపే రక్షణ స్విచ్చి) బిగించి కరెంటు ఇచ్చాం. పై అంతస్తు ఇంకా పాత వైరింగ్ మీదే ఉంది. మెట్ల లైటు వేస్తే చాలు, ఆర్‌సీసీబీ పడిపోయేది. లైటు మార్చాం, హోల్డర్ మార్చాం, పడిపోతూనే ఉంది. మా ఎలక్ట్రీషియన్ కాసేపు మెట్లమీద కూర్చుని ఆలోచించి, పైకి వెళ్లి ఒక జంక్షన్ బాక్సు విప్పాడు. మెట్ల లైటుకు ఫేజు కింద నుంచి వస్తోంది, న్యూట్రల్ మాత్రం దగ్గరగా ఉందని పై అంతస్తు నుంచి తీసుకున్నారు. వెళ్లిన కరెంటు తన న్యూట్రల్ గుండా తిరిగి రాకపోతే ఎక్కడో లీకు అవుతోందని ఆర్‌సీసీబీ పడిపోతుంది. అది చేయాల్సిన పనే చేసింది. పాత ఇళ్లలో, ముఖ్యంగా తర్వాత ఇన్వర్టర్ లైను కలిపిన ఇళ్లలో, ఇలాంటి అరువు న్యూట్రల్స్ చాలా ఉంటాయి. ప్రతి లైటూ తన ఫేజు, తన న్యూట్రల్ రెండూ డిబికి తెచ్చుకునే పద్ధతిలో ఈ రోగం మొదలంటా పోతుంది. న్యూట్రల్ బార్లు కూడా ఇన్వర్టర్ లైనుకు ఒకటి, మెయిన్ లైనుకు ఒకటి వేరుగా పెట్టించాం.

ఆకుపచ్చ కేబుల్ వేయడం తేలికే. గది నుంచి గదికి గొలుసులా పోవచ్చు, చెట్టు కొమ్మల్లా చీలొచ్చు, కానీ తిరిగి వచ్చి తనకు తాను కలవకూడదు. ఒక లైనుకు మొత్తం కేబుల్ 1000 మీటర్లు, పవర్ సప్లై నుంచి దూరపు పరికరానికి 350 మీటర్లు దాటకూడదు. రెండంతస్తుల ఇంటికి ఆ హద్దులు ఎప్పటికీ రావు. కరెంటు వైర్లున్న పైపులో దీన్ని కలపలేదు, విడి పైపు వేయించాం. గేటు దాకా మాత్రం ఈ కేబుల్ తీసుకెళ్లలేదు. ఉరుముల కాలంలో బయటి తీగ మీద వచ్చే సర్జ్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజి) నేరుగా ఇంటిలోపలి అన్ని పరికరాలకూ చేరుతుందని భయం. గేటుకు కెమెరా కోసం వేసింది వేరే కేబుల్, దానికి వేరే రక్షణ.

పరికరాలు బిగించే ముందు మల్టీమీటర్ పట్టుకుని ప్రతి బాక్సు దగ్గరా చూశాం. ఎరుపు ప్లస్సు, నలుపు మైనస్సు. దూరపు చివరన 21 వోల్టులకు తగ్గకూడదు. మాకు అన్నిచోట్లా 29 పైనే వచ్చింది. కేబుల్ చివర పెట్టే చిన్న కనెక్టర్ నాకు బాగా నచ్చిన వస్తువు. గోరంత ఉంటుంది, సగం ఎరుపు, సగం ముదురు బూడిద రంగు, ఒక్కో సగంలో నాలుగేసి రంధ్రాలు. తీగ చివర కాస్త ఒలిచి గుచ్చితే పట్టేసుకుంటుంది. వచ్చే తీగా, పోయే తీగా ఆ కనెక్టర్‌లోనే కలుస్తాయి కాబట్టి, స్విచ్చిని గోడ నుంచి ఊడదీసినా మిగతా ఇంటికి లైను తెగదు. తప్పుగా తిప్పి కలిపినా పరికరం పనిచేయదు గానీ కాలిపోదు.

అడ్రసులు ఇచ్చే పని గోడమీద కాకుండా టేబుల్ మీదే పూర్తి చేయించాను. కంపెనీ ఏదైనా ప్రోగ్రామింగ్‌కు ఒక్కటే సాఫ్ట్‌వేర్, ఇటిఎస్ అంటారు. పరికరానికి ఉన్న చిన్న బటన్ నొక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది, లాప్‌టాప్ నుంచి అడ్రసు వెళ్లగానే ఆరుతుంది. వెంటనే వెనక స్టిక్కర్ మీద ఆ అడ్రసు, గది పేరు రాసి అట్టపెట్టెలో పెట్టేవాళ్లం. గోడలకు బిగించిన తర్వాత ఇదే పని చేయాలంటే ప్రతి స్విచ్చీ ఊడదీయాలి.

ప్రోగ్రామింగ్‌కు మనిషిని కుదుర్చుకోవడంలోనే నాకు చేదు అనుభవం ఎదురైంది. మొదట మాట్లాడిన సంస్థ మొత్తం పని చేసి పెడతామంది, రేటు కూడా బాగానే చెప్పింది. పని అయ్యాక ప్రాజెక్టు ఫైలు నాకిస్తారా అని అడిగితే "అది మా దగ్గరే ఉంటుంది సార్, మీకేం కావాలన్నా మేమే వచ్చి మారుస్తాం" అన్నారు. ఇల్లు నాది, డబ్బు నాది, ఇంటి తాళంచెవి వాళ్ల దగ్గర. ఎంత నచ్చజెప్పినా వినలేదు. ఆ ఫైలు లేకపోతే ఒక స్విచ్చి పని మార్చాలన్నా వాళ్లనే పిలవాలి, వాళ్లు దొరక్కపోతే మొత్తం మళ్లీ మొదటి నుంచి ప్రోగ్రామ్ చేయించాలి. అక్కడితో ఆ బేరం వదిలేసి, ఫైలు ఇస్తానని కాగితం మీద రాసిచ్చిన ఇంకో కుర్రాడిని పెట్టుకున్నాను. ఎవరైనా ఈ పని చేయిస్తే అడ్వాన్సు ఇవ్వకముందే ఈ ఒక్క మాట రాయించుకోండి. పరికరాల కంపెనీ పేరు కన్నా ఇది ముఖ్యం. ఇటిఎస్‌లో ఇళ్లకోసం తక్కువ ధరలో ఒక లైసెన్సు ఉంది, 64 పరికరాల వరకు పనికొస్తుంది. మా ఇంటికి అది చాలింది. కుర్రాడి దగ్గర కూర్చుని కొంత నేర్చుకుని చిన్న చిన్న మార్పులు నేనే చేసుకుంటున్నాను.

కరెంటు పోతూ వస్తూ ఉండే మన ఊళ్లకు పనికొచ్చే సెట్టింగు ఒకటుంది. ప్రతి రిలేకూ కరెంటు పోయినప్పుడు ఏం చేయాలి, వచ్చినప్పుడు ఏం చేయాలి అని విడివిడిగా చెప్పొచ్చు. లైట్లకు "ఉన్నది ఉన్నట్టే" అని పెట్టాం. చాలా రిలేలు ఆన్ అయినా ఆఫ్ అయినా కరెంటు లేకుండానే ఆ స్థితిలో నిలబడేవి కాబట్టి అది సాధ్యమైంది. గీజర్లకు, మోటారుకు "ఆఫ్" అని పెట్టాం. కెఎన్ఎక్స్ పవర్ సప్లై ఇన్వర్టర్ లైను మీద ఉంది. అర్ధరాత్రి కరెంటు వచ్చి ఇల్లంతా వెలిగిపోయే బాధ ఇక్కడ లేదు.

అమ్మ గీజర్ వేసి మర్చిపోతుంది. ఇప్పుడు నొక్కిన 25 నిమిషాలకు దానంతటదే ఆగిపోతుంది. రాత్రి ఆమె మంచం దిగితే నడవాలో కింద ఉన్న లైట్లు సన్నగా వెలుగుతాయి, కళ్లల్లో కొట్టవు. తలుపు పక్కన ఒక స్విచ్చి మీద "అన్నీ" అని తెలుగులో చెక్కించాం. బయటికి వెళ్తూ అది కాసేపు నొక్కి పట్టుకుంటే ఫ్రిజ్, పూజ గది దీపం, కెమెరాలు తప్ప మిగతావన్నీ ఆగిపోతాయి. ఫోన్లో చూసుకోవడానికి ఒక చిన్న కంప్యూటర్ మీద హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాను. అది ఆగిపోయిన రోజున కూడా అమ్మకు తేడా తెలియలేదు, స్విచ్చులు వాటి పని అవి చేశాయి. నేను కోరుకున్నది సరిగ్గా అదే.

ఖర్చు దాచను. పరికరాలు మామూలు స్విచ్చులతో పోల్చుకోలేనంత ఖరీదు. అంత పెట్టలేనివాళ్లు ఉంటే, ఇల్లు బాగుచేయించేటప్పుడు కనీసం వైర్లు డిబి దాకా లాగించి, స్విచ్చి బాక్సుల దాకా ఆకుపచ్చ కేబుల్ వేయించి ఉంచండి. డిబిలో తక్కువ వోల్టేజీతో నడిచే ఇంపల్స్ రిలేలు (ఒకసారి నొక్కితే వెలిగించి, మళ్లీ నొక్కితే ఆర్పేవి) పెట్టి, గోడమీద బెల్ స్విచ్చుల లాంటి పుష్ బటన్లు పెట్టుకుని నడుపుకోవచ్చు. పరికరాలు తర్వాతైనా వస్తాయి. ప్రతి గదికీ ఇంటర్నెట్ కోసం ఒక క్యాట్ 6 కేబుల్, మేడమీదికి రెండు ఖాళీ పైపులు కూడా ఆ లెక్కలోవే. మాకు అందులో ఒకటి సోలార్ ప్యానెళ్లు పెట్టించినప్పుడు పనికొచ్చింది, ఒక్క గోడ ముట్టుకోలేదు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు అమ్మ, "వరండా లైటు స్విచ్చి తలుపు ఇవతల ఉంటే బాగుండేదిరా, ముగ్గు వేయడానికి వెళ్తూ వేసుకునేదాన్ని" అంది. పాత ఇంట్లో అయితే గోడ కొట్టించాల్సిన కోరిక. తలుపు ఇవతలి బోర్డులో ఖాళీగా ఉన్న బటన్‌కు లాప్‌టాప్ నుంచి వరండా లైటు అడ్రసు ఇచ్చాను. ఆమె కాఫీ కలిపి తెచ్చేలోపు అయిపోయింది. ఇప్పుడు పెరట్లో తులసికోట దగ్గర కూడా ఒక లైటు కావాలంటోంది, దానికి మాత్రం తీగ లాగాలి. వచ్చే నెల మా ఎలక్ట్రీషియన్‌కు వీలు కుదిరినప్పుడు ఆ పని పెట్టుకుందామనుకుంటున్నాం.